బోరు నీటిలో ఆర్సెనిక్: పరీక్ష చేయించడం నుంచి నీటి వనరు మార్చుకోవడం దాకా

తెలుగు రాష్ట్రాల్లో బోరు నీళ్లు అనగానే నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ గుర్తుకు రావడం సహజం. ఆ అనుభవంతో గంగా మైదానానికి వెళ్లినవారు అక్కడి నీటిని కూడా పళ్ల మీది గారను చూసో, ఉప్పదనాన్ని బట్టో, నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని కొలిచే టీడీఎస్ మీటరు చూపే అంకెను బట్టో తేల్చేయాలని చూస్తారు. ఆర్సెనిక్ విషయంలో వీటిలో ఏదీ అక్కరకు రాదు. నేలలో సహజంగా ఉండే ఈ విష పదార్థానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఏళ్ల తరబడి తాగిన తర్వాత గానీ ఒంటి మీద ఆనవాళ్లు కనిపించవు. ఉద్యోగం మీద పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కాకో, చదువు కోసం అక్కడి కల్యాణి, మోహన్‌పూర్‌లకో, బిహార్‌లోని బిహ్‌టాకో వెళ్లి బోరు నీటి మీద ఆధారపడుతున్న తెలుగు కుటుంబాలకు, అద్దె గదుల్లో ఉంటున్న విద్యార్థులకు ఉపయోగపడాలని ఈ మార్గదర్శి రాస్తున్నాను.

చాలా ఇళ్లలో మొదట ఫిల్టరు కొంటారు, పరీక్ష సంగతి తర్వాత ఎప్పుడో ఆలోచిస్తారు. ఈ వరస తిరగబడాలి. ముందు పరీక్ష, ఆ తర్వాత వేరే వనరు కోసం వెతుకులాట, అది దొరకని పక్షంలోనే ఫిల్టరు. కింద చెప్పినవన్నీ ఈ వరసలోనే ఉన్నాయి.

ముందుగా తెలుసుకోవలసిన నేపథ్యం

1983లో కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవైద్యులు డాక్టర్ క్షితీశ్ చంద్ర సాహా తన దగ్గరకు వచ్చిన గ్రామీణుల ఒంటి మీది మచ్చలకు, వారు తాగే గొట్టపు బావుల నీటికి ఉన్న సంబంధాన్ని గుర్తించారు. ఆ తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి బృందం ఊరూరా నమూనాలు పరీక్షించి సమస్య ఎంత విస్తారమైనదో బయటపెట్టింది. బంగ్లాదేశ్‌లో 1993లో చాపాయ్ నవాబ్‌గంజ్ జిల్లాలో ఇది బయటపడింది. బిహార్‌లో 2002లో భోజ్‌పూర్ జిల్లాలోని సెమ్రియా ఓఝా పట్టీ గ్రామంతో వెలుగులోకి వచ్చింది. ఇందులో ఒక విషాదకరమైన వైపరీత్యం ఉంది. చెరువు నీటి వల్ల వచ్చే కలరా, విరేచనాల నుంచి పిల్లలను కాపాడాలన్న మంచి ఉద్దేశంతోనే 1970ల నుంచి లక్షల సంఖ్యలో గొట్టపు బావులు దించారు. సూక్ష్మజీవుల బెడద తగ్గింది గానీ ఆర్సెనిక్ కోసం ఆ నీటిని ఎవరూ పరీక్షించలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన ఒక వ్యాసం దీనిని చరిత్రలోనే అతి పెద్ద సామూహిక విషబాధగా పేర్కొంది.

ఈ ఆర్సెనిక్ ఏ కర్మాగారమూ వదిలినది కాదు. హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రు రేణువుల మీద ఇనుప ఆక్సైడ్ పలుచని పూతలా ఉంటుంది, ఆర్సెనిక్ ఆ పూతకు అంటిపెట్టుకుని ఉంటుంది. గాలి సోకని లోతుల్లో, ఒండ్రులో కుళ్లుతున్న ఆకూ అలమూ తిని బతికే బాక్టీరియా ప్రాణవాయువుకు బదులు ఆ ఇనుప ఆక్సైడ్‌ను వాడుకుంటుంది. పూత కరుగుతుంది, దానితోపాటు ఆర్సెనిక్ కూడా నీటిలోకి దిగుతుంది. ఈ ప్రక్రియ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఏ బోరు ప్రమాదకరం, ఏ ఫిల్టరు పనిచేస్తుంది, ఏ నమూనా తప్పు ఫలితం ఇస్తుంది అన్నవన్నీ ఇనుముతో ఆర్సెనిక్‌కు ఉన్న ఈ సంబంధం మీదే ఆధారపడి ఉంటాయి.

మొదటి మెట్టు: మీ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోండి

ఇంటి యజమానిని మూడు ప్రశ్నలు అడగండి: కుళాయిలో వచ్చేది ప్రభుత్వ సరఫరా నీరా, సొంత బోరా, బోరైతే ఎంత లోతు, ఎప్పుడైనా పరీక్ష చేయించారా. నదీ జలాన్ని శుద్ధి చేసి పంపే సరఫరాలో ఆర్సెనిక్ బెడద సాధారణంగా ఉండదు. బెంగాల్ డెల్టాలో ప్రమాదమంతా ఎక్కువగా 15 మీటర్ల నుంచి 100 మీటర్ల లోతున్న కొత్త ఒండ్రు పొరల్లో ఉంటుంది. 150 మీటర్లు దాటిన లోతైన బోర్లు చాలావరకు సురక్షితం. పశ్చిమ బెంగాల్‌లో మాల్దా, ముర్షిదాబాద్, నదియా, ఉత్తర, దక్షిణ 24 పరగణాలు, బిహార్‌లో గంగ ఒడ్డున ఉన్న బక్సర్, భోజ్‌పూర్, పట్నా, వైశాలి, సమస్తిపూర్, భాగల్‌పూర్ వంటి జిల్లాల్లో ఉంటున్నవారు పరీక్ష లేకుండా సొంత బోరు నీరు తాగకూడదు.

పక్కింటి బోరులో ఏమీ లేదని తేలింది కాబట్టి మనదీ మంచిదే అనుకోవడం ఇక్కడ జరిగే అతి సాధారణమైన పొరపాటు. ఒకే వీధిలో, పదిపదిహేను మీటర్ల దూరంలో ఉన్న రెండు బోర్లలో లీటరుకు ఒకదానిలో 5, మరొకదానిలో 200 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉండడం ఈ ప్రాంతంలో వింతేమీ కాదు. నేల పొరలు నది మలుపులను బట్టి అలా పేరుకున్నాయి మరి. అలాగే ఎక్కడైనా చేతిపంపుకు ఆకుపచ్చ రంగు వేసి ఉంటే ఆ రంగు ఏ పరిమితికి గుర్తో అడగండి. బంగ్లాదేశ్‌లో ఆకుపచ్చ అంటే లీటరుకు 50 మైక్రోగ్రాముల లోపు అని మాత్రమే అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి అందులో అయిదో వంతు.

రెండో మెట్టు: నమూనా సరిగ్గా పట్టండి, పరీక్ష చేయించండి

శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. పంపును కొన్ని నిమిషాలు ఆడించి గొట్టంలో నిలిచిపోయిన నీటిని పారబోయండి. అదే నీటితో సీసాను రెండు మూడుసార్లు తొలిచి, ఫిల్టరు కలవక ముందున్న కుళాయి నుంచి నింపండి. అలాగే నింపిన మరో సీసాను ఊరికే ఒక రోజు బల్ల మీద ఉంచి చూడండి: ఇనుము ఎక్కువున్న నీరైతే, తేటగా ఉన్నది పసుపు రంగుకు తిరిగి, అడుగున, గోడలకు ఎర్రని మడ్డి పడుతుంది. గాలి తగలగానే కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారడమే ఇది. ఆ మడ్డి ఆర్సెనిక్‌ను కూడా తనతో కిందికి లాగేస్తుంది. పైన తేరిన నీటిని మాత్రమే పరీక్షిస్తే ఫలితం ఉన్నదానికన్నా తక్కువగా వస్తుంది, ఇంట్లోవారు నిశ్చింతగా తాగుతూ ఉంటారు. అందుకే ప్రయోగశాలలు నమూనాలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు కలిపిస్తాయి. వీలైతే ముందే ఆమ్లం వేసిన సీసాను ప్రయోగశాల నుంచే తెచ్చుకోండి. అలాంటి సీసాను తొలచకూడదు.

నమూనా ఇచ్చేటప్పుడు మొత్తం ఆర్సెనిక్‌తో పాటు ఇనుము, మాంగనీసు, పీహెచ్, ఫాస్ఫేట్ కూడా చూడమని అడగండి. ఫిల్టరు అవసరమైనప్పుడు ఈ అంకెలే ఏది పనికొస్తుందో చెబుతాయి. జల్ జీవన్ మిషన్ కింద జిల్లాల్లో ఉన్న నీటి పరీక్షా కేంద్రాలు సామాన్యుల నమూనాలను కూడా కొద్దిపాటి రుసుముతో తీసుకుంటాయి.

ఊళ్లో చాలా బోర్లు చూడాలంటే కిట్టుతో చేసే పరీక్ష పనికొస్తుంది. సీసాలో నీరు పోసి, పొడులు వరుసగా వేసి, చివరన జింకు పొడి కలిపి, మెర్క్యురిక్ బ్రోమైడ్ పూసిన కాగితపు పట్టీ ఉన్న మూతను బిగిస్తారు. నురగ లేచి వాయువు పైకి వస్తుంది. కిట్టును బట్టి పది నిమిషాల నుంచి అరగంటకు పైగా ఆగి చూస్తే, ఆర్సెనిక్ ఉన్నప్పుడు తెల్లని పట్టీ లేత పసుపు నుంచి ముదురు గోధుమ రంగు దాకా మారుతుంది. ఆ వాయువు ఆర్సీన్, అది విషం. పట్టీ మీది పాదరస లవణం కూడా విషమే. కాబట్టి ఈ పని ఆరుబయట, పిల్లలు దరి చేరని చోట చేయాలి, పట్టీని వేళ్లతో తాకకూడదు. నీడపట్టున, పగటి వెలుతురులో రంగు చూడండి. పసుపు లేతగా ఉండి 10 మైక్రోగ్రాములకు అటో ఇటో తేలనప్పుడు కిట్టును నమ్ముకోక ప్రయోగశాలకు పంపాలి.

మూడో మెట్టు: ఫలితం చదవడం

కాగితం మీది కొలమానం ముందు చూడండి. లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, 10 మైక్రోగ్రాములు, 10 పీపీబీ – మూడూ ఒకటే. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణంలో ఆర్సెనిక్‌కు పరిమితి 0.01 మిల్లీగ్రాములు. వేరే వనరు లేనిచోట 0.05 దాకా అనుమతించే పాత వెసులుబాటును తర్వాతి సవరణలో తొలగించారు. ఇప్పటికీ కొన్ని రిపోర్టుల ఫారాల్లో ఆ పాత అంకె అచ్చయి ఉంటుంది, 0.04 వచ్చిన నీటి ఎదుట 'పరిమితికి లోబడి ఉంది' అని రాసి ఇస్తారు. దానిని నమ్మకండి. 'గుర్తించదగిన స్థాయి కంటే తక్కువ' అని మాత్రమే రాసి ఉంటే, ఆ ప్రయోగశాల పరికరం గుర్తించగల కనిష్ఠ స్థాయి ఎంతో అడగండి. అది 10 మైక్రోగ్రాములకన్నా ఎక్కువైతే ఆ ఫలితానికి విలువ లేదు.

10 లోపు ఉంటే తాగవచ్చు, ఏడాదికోసారి మళ్లీ చూసుకోండి. 10 నుంచి 50 మధ్య ఉంటే కంగారు పడనక్కరలేదు గానీ వేరే ఏర్పాటు మొదలుపెట్టాలి. గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో ఆ ఏర్పాటు వెంటనే కావాలి. 50 దాటితే ఆ నీటిని ఆ రోజు నుంచే తాగడానికీ వంటకూ మానేయండి. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు, ఇల్లు కడగడానికి వాడుకోవచ్చు, ఎందుకంటే ఆర్సెనిక్ చర్మం గుండా ఒంట్లోకి చేరేది అతి స్వల్పం. ఈ ఒక్క విషయం తెలియక మొత్తం బోరునే మూసేసిన కుటుంబాలు అనవసరంగా ఇబ్బంది పడుతున్నాయి.

నాలుగో మెట్టు: వనరు మార్చండి

ఫిల్టరు కన్నా వనరు మార్పే నమ్మదగినదని చెప్పడానికి నాకు గట్టి కారణాలున్నాయి. ఆర్సెనిక్ తీసేసే యంత్రానికి రోజువారీ సంరక్షణ కావాలి. మంచి బోరుకు ఏటా ఒక పరీక్ష చాలు. బంగ్లాదేశ్‌లోని అరైహజార్‌లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు 6,000 బోర్లను పరీక్షించినప్పుడు, పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా జనం 50 మైక్రోగ్రాములకు లోబడిన ఏదో ఒక బోరుకు 100 మీటర్ల దూరంలోనే ఉన్నట్లు తేలింది. అంటే బోర్ల మధ్య ఉన్న ఆ విపరీతమైన తేడా మనకు కీడే కాదు, మేలు కూడా చేస్తుంది. చుట్టుపక్కల నాలుగైదు ఇళ్లవారు కలిసి తమ బోర్లన్నీ ఒకేసారి పరీక్ష చేయించుకుంటే, వాటిలో ఒకటైనా పనికొచ్చేది దొరికే అవకాశం ఎక్కువ. ఆ ఇంటివారిని రోజూ కొన్ని బిందెల నీళ్లు అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. కరెంటు ఖర్చు పంచుకుంటామని ముందే మాట్లాడుకుంటే ఆ మొహమాటం చాలావరకు తీరుతుంది.

ప్రభుత్వ కుళాయి నీరు వచ్చే చోట తాగడానికి దానినే పట్టుకోండి. కొత్తగా లోతైన బోరు దించేటట్లయితే 150 మీటర్లు దాటడం ఒక్కటే చాలదు, గొట్టం చుట్టూ ఉన్న ఖాళీని బంకమన్నుతోనో సిమెంటుతోనో గట్టిగా మూయించాలి. లేకపోతే పై పొరల నీరు ఆ సందులోంచి కిందికి జారుతుంది. ఆ బోరు నీటిని పొలానికి పెట్టకూడదు. లోతు పొర నుంచి అధికంగా తోడితే పైనున్న ఆర్సెనిక్ నీరు మెల్లగా కిందికి దిగే ప్రమాదం ఉంది. పాతకాలపు చేదబావుల్లో గాలి తగులుతూ ఉండటం వల్ల ఆర్సెనిక్ సాధారణంగా తక్కువే గానీ సూక్ష్మజీవులు ఎక్కువ, కాబట్టి ఆ నీటికి క్లోరిన్ వేయాలి. వాన నీరు కూడా మంచి వనరే, కాకపోతే తొలకరి జల్లులకు డాబా మీది మురికి కొట్టుకుపోయేదాకా ఆగి పట్టాలి.

అయిదో మెట్టు: వంటింట్లో

తాగే నీళ్లు మాత్రం డబ్బాలో కొని తెచ్చుకుని, వంటకు మాత్రం బోరు నీళ్లే వాడే ఇళ్లు చాలా కనిపిస్తాయి. పప్పులో, చారులో, టీలో, ఇడ్లీ పిండి రుబ్బడంలో వాడే నీరంతా కడుపులోకే పోతుంది; బియ్యం, పప్పులు ఉడికేటప్పుడు ఆ నీటిని మొత్తంగా పీల్చుకుంటాయి. జల్ జీవన్ మిషన్ ఆర్సెనిక్ ప్రాంతాల్లో తాత్కాలిక ఏర్పాటుగా మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్ల నీరు ఇవ్వాలని లెక్క పెట్టుకున్నది తాగడానికీ వంటకూ కలిపే. నలుగురున్న ఇంటికి అది సుమారు 40 లీటర్లు. ఆ మేరకు విడిగా బిందెలు పెట్టుకుని, వంటింటి కుళాయికి ఏదో ఒక గుర్తు కట్టుకోండి.

నీటిని మరిగించడం వల్ల ఆర్సెనిక్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన దానిలో ఆర్సెనిక్ సాంద్రత పెరుగుతుంది. పటిక వేసి తేర్చినా, రాగి బిందెలో నిల్వ చేసినా ఆ భరోసా రాదు.

అక్కడి పొలాలకు కూడా అదే బోరు నీరు పారుతుంది కాబట్టి స్థానికంగా పండిన బియ్యంలో కొంత ఆర్సెనిక్ ఉంటుంది. దీనికి మన పెద్దల గంజి వార్చే పద్ధతే విరుగుడు. బియ్యాన్ని కడుగు తేటగా వచ్చేదాకా కడిగి, ఒక పాలు బియ్యానికి ఆరు పాళ్లు మంచి నీరు ఎసరు పెట్టి, మెతుకు పలుకు లేకుండా ఉడికాక గంజి పూర్తిగా వార్చేయాలి. ఆర్సెనిక్ లేని నీటితో ఈ పద్ధతిలో వండినప్పుడు బియ్యంలోని ఆర్సెనిక్ 57 శాతం దాకా తగ్గినట్లు 2006లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అత్తెసరుగానో కుక్కర్లోనో వండితే ఆ ప్రయోజనం ఉండదు. వార్చిన గంజిని తాగకండి, పశువులకు పెట్టకండి. గంజితో పాటు బి విటమిన్లు కొన్ని పోతాయి, కాబట్టి ఆకుకూరలు, పప్పులు, గుడ్లు ఆ లోటు తీర్చేటట్లు చూసుకోవాలి. బాగా తినేవారి శరీరం ఆర్సెనిక్‌ను మార్చి మూత్రంలో బయటికి పంపడంలో మెరుగ్గా పనిచేస్తుంది. ఇందులో ఆకుకూరల్లోని ఫోలేట్ పాత్ర ఉన్నట్లు బంగ్లాదేశ్ అధ్యయనాలు చూపాయి.

ఆరో మెట్టు: వేరే దారి లేనప్పుడు ఫిల్టరు

క్యాండిల్ ఫిల్టర్లు, అతినీలలోహిత దీపమున్న యంత్రాలు, మామూలు బొగ్గు కార్ట్రిడ్జులు ఆర్సెనిక్‌ను ఆపలేవు. ఆర్‌వో ఆపుతుంది, కానీ ఒక మెలిక ఉంది. నీటిలో ఆర్సెనిక్ రెండు రూపాల్లో ఉంటుంది. గాలి సోకని బోరు నీటిలో ఎక్కువగా ఉండే మూడో వేలెన్సీ రూపానికి విద్యుదావేశం లేకపోవడం వల్ల అది ఆర్‌వో పొర గుండా చాలావరకు జారిపోగలదు; అయిదో వేలెన్సీ రూపం మాత్రం బాగా ఆగిపోతుంది. నీటికి ముందుగా క్లోరిన్ కలిపితే మొదటిది రెండోదిగా మారుతుంది. అయితే ఆ క్లోరిన్ ఆర్‌వో పొరను పాడుచేస్తుంది, కాబట్టి మధ్యలో బొగ్గు ఫిల్టరు ఉండాలి. ఈ అమరిక ఉందో లేదో అమ్మేవారిని అడగండి. యంత్రం బిగించినవారు టీడీఎస్ మీటరు పెట్టి 40 చూపిందని మురిసిపోతే, ఆ అంకెతో ఆర్సెనిక్ సంగతి తేలదని చెప్పండి: లీటరుకు 200 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్నా టీడీఎస్ లెక్కలో దాని వాటా 0.2 మిల్లీగ్రాములు మాత్రమే, మీటరు ముల్లు దానికి కదలనైనా కదలదు. శుద్ధి అయిన నీటిని విడిగా పరీక్ష చేయించాలి, అంతే. ఆర్‌వో వదిలే వృథా నీటిలో ఆర్సెనిక్ చిక్కబడి ఉంటుంది. దానిని కూరగాయల మొక్కలకు పోయకండి.

ఇనుప ఆక్సైడ్, యాక్టివేటెడ్ అల్యూమినా వంటి వాటితో నింపిన ఫిల్టర్లు కరెంటు లేకుండా పనిచేస్తాయి. రసాయన శాస్త్రవేత్త అబుల్ హుస్సామ్ రూపొందించిన సోనో ఫిల్టరు, ఐఐటీ మద్రాసులో ప్రదీప్ బృందం తయారుచేసిన అమృత్ ఈ కోవలోనివే. ఇవి ఆర్సెనిక్‌ను పట్టి ఉంచుతాయి గానీ ఆ శక్తి ఒకరోజు నిండిపోతుంది, నిండినట్లు కంటికి ఏ సూచనా కనబడదు. నీటిలో ఫాస్ఫేట్ ఎక్కువుంటే మరీ త్వరగా నిండుతుంది. దక్షిణ 24 పరగణాలలోని బారుయీపూర్‌లో వేర్వేరు కంపెనీల 19 శుద్ధి యంత్రాలను జాదవ్‌పూర్ పరిశోధకులు రెండేళ్లు గమనిస్తే, వాటిలో ఏ ఒక్కటీ ఆర్సెనిక్‌ను నిలకడగా 10 మైక్రోగ్రాముల లోపు ఉంచలేకపోయింది. కాబట్టి ఫిల్టరు కొన్నాక మొదటి నెలలో ఒకసారి, ఆపైన మూడు నాలుగు నెలలకోసారి నీటిని పరీక్షించే ఖర్చును కూడా ధరలో కలిపి లెక్కేసుకోండి. వాడేసిన పొడిని చెరువులోనో పెరట్లోనో పడేయకుండా అమ్మినవారికే తిరిగి అప్పగించాలి.

ఏడో మెట్టు: శరీరాన్ని గమనించడం

ఎన్నో ఏళ్లు ఎక్కువ ఆర్సెనిక్ ఉన్న నీరు తాగినవారు ముందు అరిచేతులు, అరికాళ్లు చూసుకోవాలి. వెలుతురులో అరచేతి మీద బొటనవేలితో నిమిరితే, కంటికి కనబడకముందే ఇసుక రేణువుల్లాంటి గరుకుదనం తెలుస్తుంది. క్రమంగా అది గట్టిపడి ఆనెల్లాంటి బుడిపెలవుతుంది. ఛాతీ మీద, వీపు మీద వాన చినుకులు పడిన దుమ్ములా నల్లని, తెల్లని చుక్కలు కలగలిసి ఉంటాయి. పొలం పని చేసేవారికి చేతులు కాయలు కాయడం మామూలే గనుక చాలామంది దీనిని పట్టించుకోరు. కానీ ఆనెలు రెండు చేతులకూ, రెండు కాళ్లకూ సమానంగా ఉండి, ఒంటి మీద చుక్కలు కూడా ఉంటే చర్మవైద్యుని దగ్గరకు వెళ్లి తాగిన నీటి సంగతి మీరే చెప్పాలి. ఇది అంటువ్యాధి కాదని కూడా ఇంట్లో, ఊళ్లో గట్టిగా చెప్పాలి. ఈ మచ్చల వల్ల పెళ్లిళ్లు తప్పిపోయిన ఆడపిల్లల గోడు బెంగాల్ పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

మచ్చలు లేనంత మాత్రాన హాని లేదనుకోకూడదు. చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయాల క్యాన్సర్లకు ఆర్సెనిక్ కారణమని రుజువైంది. గుండెజబ్బులతో, మధుమేహంతో, పిల్లల మేధాశక్తి తగ్గడంతో కూడా దీనికి సంబంధం కనిపించింది. చిలీలోని ఆంటోఫగాస్టా నగరంలో 1958 నుంచి 1970 వరకు లీటరుకు సుమారు 860 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్న నీరు సరఫరా అయింది. నీరు బాగుపడిన రెండు దశాబ్దాల తర్వాత కూడా అక్కడ ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్ మరణాలు అసాధారణంగా ఎక్కువగా ఉన్నాయి. అందువల్ల గతంలో అలాంటి నీరు తాగినవారు ఏటా వైద్య పరీక్ష చేయించుకోవాలి, మూత్రంలో రక్తం పడితే ఆలస్యం చేయకూడదు, పొగతాగే అలవాటుంటే తప్పక మానుకోవాలి. ఆర్సెనిక్, పొగాకు రెండూ కలిస్తే ఊపిరితిత్తులకు ముప్పు విపరీతంగా పెరుగుతుంది.

మూత్ర పరీక్ష ఇటీవలి కొద్ది రోజుల సంగతి చెబుతుంది, గోళ్లు, వెంట్రుకల పరీక్ష కొన్ని నెలల సంగతి చెబుతుంది. మూత్ర పరీక్షకు ముందు మూడు నాలుగు రోజులు సముద్రపు చేపలు, రొయ్యలు మానేయాలి. వాటిలో ఉండే హానిలేని ఆర్సెనిక్ రూపం అంకెను పెంచేస్తుంది. ఆర్సెనిక్ వల్ల వచ్చే ఈ జబ్బుకు ప్రత్యేకమైన మందు లేదు. మంచి నీరు, మంచి తిండి, ఆనెలు మెత్తబడటానికి వైద్యులిచ్చే సాలిసిలిక్ ఆమ్లం, యూరియా లేపనాలు – చికిత్స ఇంతే. ఒంట్లోని విషాన్ని లాగేస్తామంటూ ఇచ్చే ఖరీదైన సూదుల వల్ల దీర్ఘకాలిక ఆర్సెనిక్ బాధితులకు మేలు జరుగుతుందని రుజువు కాలేదు. బాలింతలు పాలివ్వడం మాత్రం మానకూడదు: తల్లి నీటిలో ఆర్సెనిక్ ఎక్కువున్నా చనుబాలలోకి చేరేది చాలా తక్కువ, అదే నీటితో కలిపిన డబ్బాపాలే పసిబిడ్డకు ప్రమాదం.

అమెరికాలో సొంత బావి ఉన్న ఇల్లు కొనేవారికి

న్యూజెర్సీ, న్యూహాంప్‌షైర్ శివార్లలో తెలుగువారు కొంటున్న ఇళ్లలో కొన్నింటికి సొంత బావి నీరే ఆధారం. ఫెడరల్ తాగునీటి చట్టం ప్రైవేటు బావులకు వర్తించదు, నీటి బాధ్యతంతా యజమానిదే. అక్కడ ఆర్సెనిక్ ఒండ్రు నుంచి కాక రాతి పొరల నుంచి వస్తుంది, కాబట్టి లోతు పెరిగితే భద్రత పెరుగుతుందన్న బెంగాల్ లెక్క అక్కడ చెల్లదు. ఫెడరల్ పరిమితి 10 అయినా ఈ రెండు రాష్ట్రాలూ 5 మైక్రోగ్రాములనే పరిమితిగా పెట్టుకున్నాయి. న్యూజెర్సీలో ఇల్లు చేతులు మారేటప్పుడు బావి నీటి పరీక్ష చట్టప్రకారం తప్పనిసరి. ఆ రిపోర్టులో నమూనాను శుద్ధి యంత్రానికి ముందు పట్టారా, తర్వాత పట్టారా అన్నది చూసి, ఆర్సెనిక్ తీసే యంత్రం ఉంటే దాని సర్వీసు కాగితాలు, అందులో ఆర్సెనిక్‌ను పట్టే పొడిని (మీడియా) చివరిసారి మార్చిన తేదీ సంతకాలకు ముందే అడిగి తీసుకోండి.